నలభై–ముప్పై

చెంగల్రాయలుకు వేలూరు దగ్గర గుడియాత్తంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. రెండు కళ్ళకూ పొర కమ్మింది. వేలూరు పోయి ఆపరేషను చేయించుకోమని కొడుకులు ఎంత చెప్పినా భయపడి ఒప్పుకోలేదు. పేపరు మాత్రం లేకుండా ఉండలేడు. అందుకని రోజూ పొద్దున ఏడు గంటలకు పెద్దకోడలు కస్తూరమ్మ ఆయన కుర్చీ పక్కన పీట వేసుకొని తమిళ పేపరు చదివి వినిపించేది. పదకొండేళ్ళ నుంచీ అదే పద్ధతి.

ఆ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం ఎవరికీ రాదు. కస్తూరమ్మ తమిళంలో చదువుతూ మధ్యలో తెలుగులో విడమరిచి చెప్పేది. ఆ ఏడాది, డెబ్బై రెండులో, రాష్ట్రాన్ని ఏలే పార్టీ రెండుగా చీలింది. ఏ ఎమ్మెల్యే ఎటు పోయినాడో, ఫ్యాక్టరీ యూనియను ఏ జెండా కట్టిందో రోజుకొక కబురు. అంతా విని చెంగల్రాయలు తల పైకెత్తి, "నువ్వేమంటావు కస్తూరీ?" అనేవాడు. మొగుడు తిరువేంగడం ఏనాడూ ఆమెను ఆ మాట అడగలేదు. కన్నతండ్రీ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న కోసం కస్తూరమ్మ అయిదింటికే లేచి ఇంటి పనంతా ముగించుకొనేది.

మరుసటి ఏడాది వైకాశి నెలలో, ఎండలు ముదిరినప్పుడు, చిన్నకొడుకు కన్నన్ పెళ్ళయింది. పెళ్ళికూతురు కోమల మదరాసు పిల్ల. కాలేజీలో టెన్నిస్ ఆడింది. సామాను దించినప్పుడు చీరల పెట్టె కన్నా ముందు బ్యాటు దిగింది.

ఆ బ్యాటును చెంగల్రాయలు చేతుల్లోకి తీసుకొని, దాని నరాలను వేళ్ళతో తడిమి తడిమి చూసినాడు. ఆ రోజే ఇంట్లోవాళ్ళకు ఒక సంగతి తెలిసింది. ఆయన కుర్రతనంలో వేలూరులో ఒక దొర తోళ్ళ షెడ్డులో గుమాస్తా. సాయంత్రం పని ముగిసినాక దొరల క్లబ్బు కంచె బయట నిలబడి టెన్నిస్ చూసేవాడు. లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదు. ఆరేళ్ళు అట్లే నిలబడి చూసి, లెక్క మొత్తం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు.

"ఇప్పుడు ఆ క్లబ్బులో మనవాళ్ళను చేర్చుకుంటా ఉండారు మామా," అనింది కోమల. "మనం పోదాం. నేను ఆడతా, మీరు లోపల కుర్చీలో కూర్చోండి."

నెల తిరక్కుండా కన్నన్ క్లబ్బులో సభ్యుడయినాడు. మంగళవారం, శనివారం కోమల, మామ కారెక్కి పళ్ళికొండ, విరించిపురం మీదుగా వేలూరు పోయి పొద్దుగూకేటప్పుడు తిరిగి వచ్చేవాళ్ళు. ముసలాయనకు బంతి కనబడేది కాదు. బ్యాటుకు తగిలిన చప్పుడు, అంపైరు చెప్పే లెక్క, ఆ రెండే ఆయనకు ఆట. అవి చాలు.

మరునాడు పొద్దున కస్తూరమ్మ పేపరు చదువుతా ఉంటే ఆయన ఊ కొట్టేవాడు గాని మనసు మేడమెట్ల మీద ఉండేది. కోమల దిగి రాగానే, "నిన్న ఆ రెండో సెట్టులో అయిదు–మూడు మింద ఉండి ఎట్ల పోగొట్టుకుంటివమ్మా?" అని మొదలుపెట్టేవాడు. ఇద్దరూ పదైదులు, ముప్పైలు, డ్యూసులు అని మాట్లాడుకునేవాళ్ళు. కస్తూరమ్మ చేతిలో పేపరు సగం మడిచి ఉండేది. 'నువ్వేమంటావు కస్తూరీ' అన్న మాట వినబడి ఎన్ని వారాలయిందో ఆమె లెక్కపెట్టుకొనేది.

ఒకరోజు ఆమె కూడా మాట కలపాలని చూసింది. "పదైదు, ముప్పై అయినాక నలభై అయిదు కదా మామా?"

కోమల ఫక్కుమని నవ్వింది. చెంగల్రాయలూ నవ్వినాడు. "అయ్యో, వాయిపాడు కాదమ్మా ఇది!" అన్నాడు. ఎక్కం అని ఆయన ఉద్దేశం. ఎగతాళి చేయాలని ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. కానీ కస్తూరమ్మ వంటింట్లోకి పోయి పొయ్యి ముందర నిలబడితే చెవులు కాలుతున్నట్టుగా ఉంది. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఆమెను చూసి ఎవరూ నవ్వింది లేదు.

మరుసటి వారం ఆమె సరసమ్మ ఇంటికి పోయింది. సరసమ్మ ఆడపిల్లల హైస్కూలులో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది.

"టీచరమ్మా, నాకు టెన్నిస్ లెక్క నేర్పించాల. ఎవురికీ చెప్పకూడదు."

సరసమ్మ ఆమెను కిందా మీదా చూసింది. ఎందుకని అడగలేదు. సుద్దముక్క తెచ్చి నేల మీద కోర్టు గీసింది.

"మొదటి పాయింటు పదైదు. రెండోది ముప్పై. మూడోది నలభై. నాలుగోది గెలిస్తే ఒక గేము. ఏమీ లేకుంటే లవ్ అంటారు, సున్నా అని."

"నలభై అయిదు ఎందుకు కాదు?"

"నేనూ అడిగినాను. ఎవురూ సరిగ్గా చెప్పలే. అట్లే వచ్చిందనుకో. ఇంకొకటి చూడు. ఇద్దరూ నలభై కాడికొస్తే డ్యూస్. అప్పుడు ఒక్క పాయింటు చాలదు, వరసగా రెండు గెలవాల. ఒకటి గెలిస్తే అడ్వాంటేజ్. రెండోది పోయిందా, మళ్ళా డ్యూస్. అట్ల ఎంతసేపయినా పోతుంది."

"అంతసేపూ ఎవురూ గెలవరా?"

"గెలవరు. గేములు ఆరయితే ఒక సెట్టు, దాంట్లోనూ రెండు ఎక్కువుండాల. ఆడవాళ్ళ ఆటలో మూడు సెట్లలో రెండు గెలిచినవాళ్ళు గెలిచినట్టు. ఇంకొక్కటి మరిచిపోవద్దు కస్తూరీ, బంతి మొదలుపెట్టేవాళ్ళ లెక్కనే ముందు చెప్పాల."

కస్తూరమ్మ వేలి కణుపుల మీద పెట్టుకొని నేర్చుకుంది. కుడిచేయి కోమలది, ఎడమచేయి అవతలి మనిషిది. చూపుడువేలి మొదటి కణుపు పదైదు, రెండోది ముప్పై, మూడోది నలభై. బొటనవేలు ఎక్కడుంటే అది లెక్క. ఆమె బియ్యం ఏరుతూ, ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు మజ్జిగ పోస్తూ మనసులోనే ఆటలు కట్టి లెక్క చెప్పుకొనేది. ఆ ఊహల్లో కోమల ఎప్పుడూ ఓడిపోయేది.

తర్వాత ఒక శనివారం, "నేనూ వస్తా మామా, వేలూరులో చీర ఒకటి తీసుకోవాల," అని కారెక్కింది. క్లబ్బులో ఒక మూల కుర్చీలో కూర్చుని, చేతులు కొంగు కింద పెట్టుకొని, బొటనవేళ్ళు కదిలించింది. అంపైరు చెప్పిన ప్రతి లెక్కా ఆమె చెప్పుకున్నదానితో సరిపోయింది. ఒకసారి అంపైరు నోరు తెరవకముందే ఆమె పెదవుల మీదికి లెక్క వచ్చేసింది. ఆ సంతోషం కస్తూరమ్మకు కొత్తది. వెంటనే మామకు చెప్పాలనిపించింది. ఇప్పుడు కాదు, పెద్ద ఆట రోజున చెబుతాను, అప్పుడు ఇద్దరూ నోళ్ళు తెరుచుకొని చూడాల అనుకుంది.

పెద్ద ఆట ఫిబ్రవరిలో వచ్చింది. క్లబ్బు ఆడవాళ్ళ కప్పుకు ఫైనలు. కోమలకు ఎదురు పద్మాసిని అనే ఆమె, వేలూరులోనే ఒక ఇంజనీరు భార్య. ఆ రోజు కారెక్కేటప్పుడు కన్నన్, "వదినకు ఎండలో ఎందుకు శ్రమ?" అన్నాడు. అందుకు చెంగల్రాయలు, "రానీ లేరా. ఆట తెలియకపోయినా పాపం, నా కాఫీ ఫ్లాస్కు చూసుకుంటుంది," అన్నాడు.

ఆ మాటతో కస్తూరమ్మ లోపల దాచుకున్నదంతా పులిసిపోయింది. దారి పొడుగునా పాలారు ఏటి ఇసుక వైపు చూస్తూ కూర్చుంది. కోమల తెల్ల బట్టల్లో, ముందు సీటులో, మామతో వెనక్కి తిరిగి మాట్లాడుతోంది. ఈ పిల్ల రాకముందు నేను ఆట తెలియని దాన్ని కాదు, ఈ ఇంట్లో తెలియాల్సినవన్నీ తెలిసిన దాన్ని అని ఆమెకు ఏడుపొచ్చింది.

ఆట గట్టిగా సాగింది. చెరొక సెట్టు అయింది. మూడో సెట్టులో కోమల అయిదు–నాలుగు మీద ఉంది. బంతి ఆమె చేతిలో. ఈ గేము గెలిస్తే కప్పు ఆమెదే. ముప్పై–పదైదు దగ్గర కోమల బంతిని వలకు కొట్టింది. ముప్పై–ముప్పై. సరిగ్గా ఆ తర్వాతి పాయింటు నడుస్తుండగా గేటు దగ్గర హారన్లు మోగినాయి. ఎమ్మెల్యే వచ్చినాడు. కప్పు ఇచ్చేది ఆయనే, గంట ముందే వచ్చేసినాడు. జీపుల్లోంచి మనుషులు దిగి "అన్నన్ వాళ్గ!" అని జేజేలు కొడుతూ వస్తుంటే అంపైరుతో సహా చూస్తున్నవాళ్ళందరి తలలూ అటు తిరిగినాయి. కస్తూరమ్మ తల ఒక్కటే తిరగలేదు. పద్మాసిని కొట్టిన బంతి గీతకు జానెడు బయట పడింది. కస్తూరమ్మ కుడి బొటనవేలు మూడో కణుపు మీదికి జరిగింది. నలభై–ముప్పై. ఇంకొక్క పాయింటు.

అంపైరు జానకిరామన్ రిటైరైన తాలూకాఫీసు మనిషి. మర్యాదస్తుడు. పెన్సిలు చొక్కా జేబులో పెట్టుకొని ఎత్తు కుర్చీ దిగి వెళ్ళినాడు. చెంగల్రాయలును ఇద్దరు పట్టుకొని నడిపించుకొని పోయి, ఆయన చేత ఎమ్మెల్యేకు శాలువా కప్పించినారు. పేరుగల ఫ్యాక్టరీ యజమాని కదా. ఆటగత్తెలిద్దరినీ నిలబెట్టి ఫోటోలు తీసినారు. మైకులో ఉపన్యాసం. ఇరవై నిమిషాలు. అంతసేపూ కస్తూరమ్మ కొంగు కింద బొటనవేళ్ళు కదల్చకుండా కూర్చుంది.

జానకిరామన్ తిరిగొచ్చి కుర్చీ ఎక్కి కాగితం చూసుకున్నాడు. ముప్పై–ముప్పై దాకా రాసుంది. వలకు తగిలినది అప్పుడే రాసేసిన సంగతి మరిచి, చివరి పాయింటు రాయలేదని పద్మాసిని వైపు ఒక గీత గీసినాడు. "ముప్పై–నలభై," అన్నాడు.

కోమల ఉలిక్కిపడింది. "లేదు సార్, నలభై–ముప్పై. చివరి పాయింటు నాది."

"అది నీ బంతి వలకు తగిలిన పాయింటు కదమ్మా?"

"అది అంతకు ముందరిది సార్!"

పద్మాసిని నుదురు తుడుచుకుంటూ, "నాకు కూడా వలకు తగిలిందే కడపటిదని గుర్తు. కచ్చితంగా చెప్పలేను," అంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.

జానకిరామన్ చూస్తున్నవాళ్ళ వైపు తిరిగినాడు. "ఎవరైనా చూసినారా?"

ఎవరూ మాట్లాడలేదు. "మామా, మీరు చెప్పండి," అంది కోమల. ఆయన తల అడ్డంగా ఊపినాడు. తర్వాత వరసగా అందరి ముఖాలూ చూసుకుంటూ వచ్చింది. కస్తూరమ్మ ముఖం దగ్గర ఆ చూపు ఆగలేదు. అడిగి లాభం లేని మనిషిని దాటిపోయినట్టు దాటిపోయింది.

ఒక్క మాట చాలు. కస్తూరమ్మ నోట్లో అది తయారుగా ఉంది. ఆమె రెండు బొటనవేళ్ళూ కణుపుల మీద నుంచి తీసేసి, ఫ్లాస్కు మూత తిప్పి, మామకు కాఫీ పోసింది.

ఆ గేము పోయింది. అయిదు–అయిదు. కోమలకు తర్వాత చేయి ఆడలేదు. ఏడు–అయిదు మీద పద్మాసిని గెలిచింది.

ఇంటికొచ్చినాక మూడు రోజులు కస్తూరమ్మకు హాయిగా ఉంది. పొద్దున కోమల మేడ దిగలేదు. పేపరంతా మామ శ్రద్ధగా విన్నాడు. నాలుగో రోజు పేపరులో క్లబ్బు ఆట గురించి నాలుగు వరుసలు వచ్చినాయి. ఆమె దాన్ని వదిలేసి పేజీ తిప్పబోతే, "అదీ చదువమ్మా," అన్నాడు చెంగల్రాయలు. చదివింది.

"తప్పు నాది కస్తూరీ," అన్నాడు ఆయన. "ఆ కంచె బయట ఆరేండ్లు నిలబడినాను. ఒక్క పాయింటు తప్పిపోలే. లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టినాక, శాలువా కప్పమని పిలిస్తే లేచి పోయినాను. అది నన్నే అడిగింది. నాకు లెక్క తెలీదు. ఇంక నేను వేలూరు పోను."

కస్తూరమ్మ పేపరు కింద పెట్టింది. ఆయన ముఖం అంతగా వాడిపోవడం అత్త పోయినప్పుడు కూడా ఆమె చూడలేదు.

"నలభై–ముప్పై మామా," అంది. "కోమల చెప్పిందే సరి."

"నీకెట్ల తెలుసు?"

"ఆ గేము మొత్తం చెప్తాను వినండి." చెప్పింది. మొదటి పాయింటు నుంచి, ఎవరు ఎటు కొట్టినారో, బంతి ఎక్కడ పడిందో, వరసగా. చెబుతూనే ఏడ్చింది. "నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకొన్నాను. దాని మింద కుళ్ళుతో."

మెట్ల మీద చప్పుడయింది. కోమల సగం మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా వినింది.

"ఎప్పుడు నేర్చుకుంటివి అక్కా?"

"అయిప్పసి నెలలో. సరసమ్మ టీచరు కాడ."

"నాలుగు నెలలా!" కోమల రెండు మెట్లు దిగింది. "నేను నీ పక్కనే కూర్చుని తిని, నీ పక్కనే కారెక్కి వచ్చినాను. ఒక్క మాట చెప్పలే. ఈ ఇంట్లో తాళాలు నీ కాడ. మామ తినేది నీ చేత్తోనే. పనివాళ్ళు అమ్మా అనేది నిన్నే. నాకు చారు పెట్టడం కూడా సరిగ్గా రాదని అందరికీ తెలుసు. నాకని ఉండేది ఆ ఆట ఒక్కటే. మామ నాతో మాట్లాడేది దానివల్లే. అదీ నీకు కావాల్సి వచ్చిందా?"

ఈ పిల్లకు కూడా తన మీద కుళ్ళు ఉంటుందని కస్తూరమ్మకు ఒక్కసారీ తట్టలేదు. చెంగల్రాయలు ఇద్దరినీ మార్చి మార్చి చూడబోయినాడు గాని ఆయనకు కనబడింది రెండు మసక ఆకారాలే.

కోమల ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, ముఖం చూసేది కాదు.

మరుసటి సోమవారం కస్తూరమ్మ బస్సెక్కి ఒక్కతే వేలూరు పోయి జానకిరామన్‌కు జరిగింది చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. కప్పు ఇచ్చేసినాము, ఇప్పుడు మార్చలేమమ్మా అన్నాడు. అయితే ఆ సాయంత్రమే పోయి పద్మాసినికి చెప్పినాడు. ఆమె గుడియాత్తానికి మనిషిని పంపింది. 'అట్లా గెలిచిన కప్పు నాకు బరువుగా ఉంది. నలభై–ముప్పై నుంచి మళ్ళీ ఆడదాం. గెలిచినవాళ్ళే ఉంచుకుందాం,' అని కబురు.

ఒక గురువారం మధ్యాహ్నం ఆడినారు. జనం లేరు. వేలూరు పోనన్న చెంగల్రాయలు ఈ ఒక్క ఆటకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జానకిరామన్ ఎత్తు కుర్చీ ఎక్కనన్నాడు. "ఇంకెవరు చెప్తారు?" అంది పద్మాసిని. కోమల బ్యాటు నరాలు సరిచేసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "అక్క చెప్పనీ. ఆమెకు లెక్క తప్పదు," అంది. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో కస్తూరమ్మకు తెలియలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకొని కుర్చీ ఎక్కింది.

"నలభై–ముప్పై," అంది. తన గొంతు ఆ ఖాళీ మైదానంలో తనకే కొత్తగా వినబడింది.

మొదటి పాయింటు పద్మాసినిది. డ్యూస్. తర్వాతిది కోమలది. "అడ్వాంటేజ్ కోమల." ఇంకొకటి గెలిస్తే కప్పు. బంతి అటూ ఇటూ పదిసార్లు తిరిగింది. చివరికి కోమల కొట్టిన బంతి పద్మాసిని బ్యాటుకు అందకుండా పోయి గీత దగ్గర పడింది. కోమల గెలిచినాననుకొని చేయి పైకెత్తింది.

కస్తూరమ్మ చూసింది. గీతకు రెండు వేళ్ళ వెడల్పు బయట. అంపైరు చెప్పిందే మాట. బయట అంటే, కుళ్ళుతో అనింది అని అందరూ అనుకుంటారు. ఇప్పుడు లోపల అంటే ఎవరూ కాదనరు, చేసిన తప్పు తీరినట్టూ ఉంటుంది. కోమల రేపటి నుంచి మాట్లాడుతుంది.

"బయట," అంది. "డ్యూస్."

కోమల ఆమె వైపు చూసిన చూపుకు కస్తూరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కోమల వల పక్కనుంచి నడిచి అవతలి వైపు గీత దగ్గరికి పోయింది. ఎర్రమట్టిలో బంతి పడిన గుర్తు స్పష్టంగా ఉంది. గీతకూ దానికీ మధ్య మట్టి కనబడుతోంది. వంగి చూసింది. ఏమీ అనకుండా తిరిగి తన చోటుకు పోయి నిలబడింది.

ఆ గేము పద్మాసినిది. ఆ తర్వాత రెండూ ఆమెవే. మళ్ళీ ఏడు–అయిదు. చివరి పాయింటు పోయినప్పుడు కస్తూరమ్మ లోపల ఒక మూల ఇంకా కాస్త సంబరపడింది. అది తెలిసి ఆమె తలదించుకొని కుర్చీ దిగింది.

కారులో ముందు సీటులో చెంగల్రాయలు కూర్చున్నాడు. తోడికోడళ్ళు ఇద్దరూ వెనక. కారు విరించిపురం గోపురం దాటింది.

"రెండో డ్యూస్ అయినాక, పద్మాసిని కొట్టింది," అంది కోమల కిటికీ వైపే చూస్తూ, "అది గీత మింద పడిందా, లోపలనా?"

"గీత మింద. సున్నం లేచింది."

"నేను బయట అనుకొని వదిలేసినాను."

"వదలకుండా ఉండాల్సింది," అంది కస్తూరమ్మ.

"నువ్వేమంటావు కోమలా?" అన్నాడు చెంగల్రాయలు ముందు నుంచి.

కోమల కిటికీ నుంచి ఇటు తిరిగింది. "అక్క చెప్పేదే సరి," అంది.